ఆరు బుధవారాలు

మా సంఘంలో ఇంటి ప్రార్థన కూటాల పట్టీ రాసేది నేనే. ఆరేళ్లుగా ఆ పని నా చేతిలో ఉంది. వారానికి ఒక ఇల్లు, బుధవారం సాయంత్రం ఏడు గంటలకు. పెద్దారవీడు దగ్గర మా పల్లెలో విశ్వాసుల ఇళ్లు నలభైకి పైగా ఉన్నాయి కాబట్టి ఒక ఇంటికి కూటం మళ్లీ రావాలంటే దాదాపు ఏడాది పడుతుంది. తమ వంతు ఎప్పుడని జనం నెలల ముందే అడుగుతారు. ఆ రోజు ఇల్లంతా కడిగి, వాకిట్లో పట్టాలు పరిచి, పక్కిళ్ల నుంచి కుర్చీలు తెచ్చుకుంటారు. ప్రార్థన అయ్యాక పులిహోరో, ఏమీ లేకపోతే టీ బిస్కెట్లో పెడతారు. ఆ సాయంత్రం దేవుడు తమ గుమ్మంలోకి వస్తాడని వాళ్ల నమ్మకం. నాదీ అదే నమ్మకం. అయినా ఆ పట్టీతోనే నేను తప్పు చేశాను.

నా పేరు వరప్రసాదం. బండలు పరిచే మేస్త్రీని. మార్కాపురం బండ లారీ ఎక్కి ఎక్కడికి పోతే మేమూ అక్కడికి పోయేవాళ్లం. అలా గోవాలో, మడగావ్‌లో తొమ్మిదేళ్లు పని చేశాను. ఒక శనివారం తోటి పనివాళ్లు ఫుట్‌బాల్ చూద్దాం రమ్మని స్టేడియానికి లాక్కుపోయారు. వాళ్ల భాష నాకు రాదు, ఆట తెలియదు. అయినా అన్ని వేల మంది మధ్య నిలబడి గొంతు పోయేలా అరిచాను. పక్కనున్న పెద్దమనిషి గోల్ పడగానే నన్ను కావలించుకున్నాడు. నా చొక్కాకు సిమెంటు ఉందని కూడా చూడలేదు. నీది ఏ ఊరు, ఏ కులం అని నన్ను అడగని చోటు నా జన్మలో అదే మొదటిది. ఊరికి తిరిగి వచ్చేసినా ఆ గోవా జట్టు నా జట్టుగానే ఉండిపోయింది.

ఇక్కడ ఆ పిచ్చి ఉన్నవాళ్లం ముగ్గురం. నేను, నాతోపాటు గోవాలో పనిచేసి ఇప్పుడు ఆటో తోలుకుంటున్న ఎబినేజర్, మార్కాపురంలో బండల పాలిష్ షెడ్డు ఉన్న శ్రీకాంత్. శ్రీకాంత్ గోవా ముఖం కూడా చూడలేదు. మా మాటలు విని విని మాకంటే ఎక్కువ పిచ్చివాడయ్యాడు. అతని షెడ్డు ఆఫీసు గదిలో పెద్ద టీవీ ఉంది.

ఆసియా దేశాల క్లబ్బులు ఆడే పోటీలో ఈ ఏడు మా జట్టుకు చోటు దొరికింది. ఆగస్టులో చీటీలు తీసి గ్రూపులు చెప్పారు. మా గ్రూపులో సౌదీ జట్టు, ఇరాక్ జట్టు, తజికిస్తాన్ జట్టు. ఆ సాయంత్రం శ్రీకాంత్ షెడ్డులో మేము చేసిన గోలకు పాలిష్ పనివాళ్లు మిషన్ ఆపి వచ్చి చూశారు.

“మేస్త్రీ, సౌదీ వాళ్లు మన గోవాకొచ్చి ఆడాల! నమ్ముతావా నువ్వు?” అన్నాడు శ్రీకాంత్.

“వాళ్ల ఒక్కొక్క ఆటగాడి జీతంతో మన జిల్లా మొత్తం కొనొచ్చంట” అన్నాడు ఎబినేజర్.

“జిల్లా కొని ఏం జేసుకుంటాడు? తాగేదానికి నీళ్లు గూడా ల్యా.”

“నీళ్లు లేకపోయినా నీ బండలు ఉండాయి గదా, అవి కొరుక్కుంటాడులే.”

నవ్వుకుంటూనే శ్రీకాంత్ ఫోన్‌లో తేదీలు చదవడం మొదలుపెట్టాడు. సెప్టెంబరు పదిహేడు, అక్టోబరు ఒకటి, అక్టోబరు ఇరవై రెండున సౌదీ వాళ్లతో గోవాలో. మొత్తం ఆరు ఆటలు. గోడ మీది క్యాలెండర్‌లో వేలు పెట్టి చూసిన ఎబినేజర్ నా వైపు తిరిగాడు.

“బావా, నీ పని అయిపాయె. ఆరూ బుధవారాలే.”

“ఆటలు ఏ టైముకో ఏమో గదా” అన్నాను నేను, ఏదో దారి ఉంటుందన్నట్టు.

“సరిగ్గా కూటం టైముకే. మనిద్దరికీ అదే చిక్కు. నేనైతే ఆటో చెడిపోయిందని చెప్తా. నువ్వేం చెప్తావు? పట్టీ రాసేవోడే కూటానికి రాకపోతే అయ్యగారు ఊరుకుంటాడా?” కాసేపాగి మళ్లీ తనే అన్నాడు: “అయినా పట్టీ నీ చేతిలోనే ఉందిలే.”

వాడు వేళాకోళానికే అన్నాడు. నేను మాత్రం ఆ మాటను ఇంటికి మోసుకొచ్చాను.

మా పాస్టరు ప్రభాకరరావుగారు మనుషుల మాట నమ్మే మనిషి. మర్నాడే వెళ్లి, కూటాలు క్రిస్మస్ దాకా శుక్రవారానికి మారుద్దామన్నాను. ఎందుకని అడిగారు.

“పత్తి తీసే ఆడోళ్లు ఉండారు గదయ్యా. బుధవారాలు దోర్నాల అవతలకి పోవాల్సొస్తాదంట. చీకటి పడితేగాని ఊరు చేరరు. శుక్రవారమైతే వాళ్లకు వీలంట.”

“వాళ్లే అడిగినారా?”

“అడిగినారయ్యా.”

ఆ ఒక్క మాట అనకపోయినా పని జరిగేదేమో. కానీ అన్నాను. ఆదివారం ఆరాధనలో అయ్యగారు కూటాలు శుక్రవారానికి మారాయని ప్రకటించి, నన్ను లేపి నిలబెట్టారు. “కూలి చేసుకునే మన అక్కచెల్లెళ్ల కష్టం ఎవరూ చూడటం లేదనుకోకండి. మన వరప్రసాదం చూశాడు” అని చెప్పారు. ఆడవాళ్ల వైపు నుంచి స్తోత్రం అన్నారు. చాప మీద కూర్చున్న నా భార్య తలెత్తి గర్వంగా చూసింది. నేను నా చెప్పులు ఎక్కడ విడిచానో వెతుకుతున్నట్టు కిందికి చూశాను.

మొదటి రెండు ఆటలూ శ్రీకాంత్ షెడ్డులో చూశాం. రెండూ ఓడిపోయాం. ఓటమి బాధ కాదు. ఆట మొదలయ్యే ముందు నాకు పాత సంతోషం రాలేదు. దొంగతనంగా తెచ్చిన బట్ట కట్టుకుని పెళ్లికి పోయినట్టుంది. ఆట చూడాలనిపించడం తప్పా అని దేవుణ్ణి అడిగాను. తప్పని నా మనసుకు తోచలేదు. మరి అడిగి చూడొచ్చుగదా, అయ్యగారూ నాకు ఈ ఆట ఇష్టం అని? ఎందుకు అడగలేకపోయాను? నవ్వుతారని సిగ్గుపడ్డాను. నా సిగ్గు దాచుకోవడానికి పత్తి తీసేవాళ్ల ఎండను వాడుకున్నాను.

అయినా సౌదీ జట్టుతో ఆట కోసం రోజులు లెక్కపెడుతూనే ఉన్నాను. ఆ ఆటకు ఎనిమిది రోజులుందనగా ఎలీషబా మా ఇంటికి వచ్చింది.

ఎలీషబా భర్త యోబు నిరుడు అక్టోబరు ఇరవై రెండున చనిపోయాడు. వాళ్ల ఒక్కతే కూతురు బ్లెస్సీ నంద్యాలలో ఒక ఆసుపత్రిలో నర్సు. ఆ రోజు బదులు మనిషి దొరక్క, తర్వాత బస్సు దొరక్క, ఆమె వచ్చేసరికి భూస్థాపన అయిపోయింది. తడి మట్టి మీద పడి ఆ పిల్ల ఏడ్చిన ఏడుపు మా పల్లెలో ఎవరూ మర్చిపోలేదు. సంవత్సరీకం రోజునే తన ఇంట్లో కూటం రావాలని ఎలీషబా జనవరిలోనే నన్ను అడిగింది. బుధవారమే పడింది, అలాగే రాస్తానని మాటిచ్చాను. పట్టీ మార్చినప్పుడు అది ఇరవై నాలుగుకు జరిగిందని నాకు గుర్తు రాలేదు. గుర్తు వచ్చిందేమో కూడా. రెండు రోజుల తేడాయే గదా అనుకుని ఉంటాను.

“వందనాలన్నా” అంటూ వచ్చి గడప దగ్గరే కూర్చుంది. “మా కూటం శుక్రవారానికి పోయింది గదా. బ్లెస్సీకి చెప్తే ఒకటే ఏడుపు. బుధవారానికే సెలవు పెట్టుకుందంట. ఇద్దరితో డ్యూటీ మార్చుకుందంట పాపం. మళ్లీ మార్చమంటే వాళ్ల మేడం కుదరదనింది.”

“మీ ఇంటివరకు బుధవారమే పెట్టుకుందాంలే చెల్లే” అన్నాను.

“వద్దన్నా. కూలోళ్ల కోసమని మార్చినావు. నేనూ కూలిదాన్నే గదా. నా ఒక్క దానికోసం వాళ్లను ఇబ్బంది పెడితే ఆయప్ప ఆత్మ గూడా ఒప్పుకోదు. ఊరికే నీ చెవిలో వేద్దామని వచ్చినా.” లేచి కొంగు దులుపుకుంటూ అడిగింది: “ఎవురడిగినారన్నా? మా కూలి ఆటోలో ఎవురూ అనలేదే.”

“అవతల బజారోళ్లులే” అన్నాను.

అంత తేలిగ్గా రెండో అబద్ధం వచ్చింది. ఆమె వెళ్లిపోయాక అన్నం ముందు కూర్చుని ప్రార్థన చేయబోతే మాటలు రాలేదు. “ఏంది, ఒంట్లో బాగలేదా?” అంది నా భార్య. బాగానే ఉందన్నాను. అది మూడోది.

దీన్ని సరిచేయడానికి ఒకటే దారి ఉంది. ఎవరికీ ఇబ్బంది లేదని తెలిస్తేనే ఎలీషబా బుధవారానికి ఒప్పుకుంటుంది. అలా తెలియాలంటే ఎవరూ నన్ను అడగలేదని చెప్పాలి. చెప్పకపోతే ఆ పిల్ల తండ్రి కూటం కూడా పోగొట్టుకుంటుంది. నాలుగు రోజులు మనసులో తిప్పుకున్నాను. శనివారం అయ్యగారి ఇంటికి వెళ్లి అంతా చెప్పేశాను.

ఆయన నా వైపు తిరిగారు. “ఆటా?”

“ఫుట్‌బాలయ్యా.”

“ఎక్కడ, మార్కాపురంలోనా?”

“గోవాలోనయ్యా. మేం టీవీలో చూస్తాం.”

ఆయన నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. “నాకు చెప్పిన అబద్ధాన్ని నేను క్షమిస్తాను. కానీ నువ్వు వాడుకుంది వాళ్ల పేరు. అది వాళ్లకు చెప్పుకో” అన్నారు.

ఆదివారం ఆరాధన అయ్యాక ఆడవాళ్లను కూర్చోమన్నాను. నిలబడి చెప్పాను. ఫుట్‌బాల్ అనేసరికి వెనక ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత అందరూ నవ్వారు. “బంతాట కోసమా మేస్త్రీ, ఈ వయసులోనా!” అంది ముసలి ఎల్లమ్మ. “మా మనవడితో ఆడుకో పో, వాడికీ తోడు ల్యా.” నా భార్య మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తలుపు వైపు చూస్తూ కూర్చుంది.

ఎలీషబా నవ్వలేదు. “అయితే మమ్మల్ని ఎవురూ అడగల్యా” అంది.

“లేదు చెల్లే. నన్ను క్షమించు.”

“ఈసారి మాట గాదన్నా. ఎప్పుడూ అడగల్యా.” గొంతు పెంచలేదు. “పత్తి కాలంలో మేం ఆటో దిగేసరికి ఏడున్నర. కాళ్లు కడుక్కుని పరిగెత్తొస్తే ఆఖరు ప్రార్థన. నువ్వు అబద్ధమనుకుని చెప్పినావు గానీ, అది నిజమే. బుధవారమైనా శుక్రవారమైనా మాకు అంతే. ఎనిమిది గంటలకు పెట్టమని ఎన్నిసార్లు అనుకున్నామో. అడిగే ధైర్యం ల్యా. ఆలస్యంగా వచ్చేవాళ్ల పేర్లు నువ్వు చదివేవాడివి గదా, చదివితే తల దించుకునేవాళ్లం.”

నవ్వులు ఆగిపోయాయి. అవును, చదివేవాణ్ణి. భక్తి పెరగాలని చదువుతున్నాననుకునేవాణ్ణి. ఆరేళ్లు వాళ్ల చెమట చొక్కాలు గుమ్మం దగ్గర చూస్తూనే, ఎందుకు ఆలస్యమైందని ఒక్కసారి అడగలేదు. అబద్ధం కల్పించుకోవాల్సి వచ్చినప్పుడు మాత్రం వాళ్ల కష్టం అంత చక్కగా ఎలా గుర్తొచ్చింది?

కూటాలు మళ్లీ బుధవారమే, ఎనిమిది గంటలకు అని అప్పుడే నిర్ణయించారు. సమయం చెప్పింది ఎలీషబా.

ఇరవై రెండో తేదీ శ్రీకాంత్ మధ్యాహ్నం నుంచే ఫోన్ చేస్తూనే ఉన్నాడు. “మేస్త్రీ, సగం ఆట చూసి పోవచ్చు గదా, ఏడుంబావుకే మొదలు.” రానన్నాను. ఆరు గంటలకే ఎలీషబా ఇంటికి వెళ్లి పట్టాలు పరిచాను, కుర్చీలు మోశాను, వాకిట్లో బల్బు కట్టాను. చేతులు పని చేస్తున్నాయి గానీ ఇప్పుడు జట్లు మైదానంలోకి వస్తుంటాయి, ఇప్పుడు బంతి కదిలి ఉంటుంది అని తల లోపల గడియారం నడుస్తూనే ఉంది. ఎబినేజర్ కూడా ఆట మానుకుని, మార్కాపురం బస్టాండు నుంచి బ్లెస్సీని ఆటోలో తీసుకొస్తానని వెళ్లాడు.

వాళ్లు ఎనిమిదికి అయిదు నిమిషాలుందనగా వచ్చారు. కూలి నుంచి వచ్చిన ఆడవాళ్లందరూ మొదటి పాటకే ఉన్నారు. ఆరేళ్లలో మొదటిసారి మొదటి పాట అంత గట్టిగా విన్నాను. అయ్యగారు బ్లెస్సీని రెండు మాటలు చెప్పమన్నారు. ఆ పిల్ల తండ్రి ఫోటో పక్కన నిలబడింది.

“నాయనను ఆఖరిసారి చూడలేకపోయినాను. ఆసుపత్రిలో ఎవరు పోయినా నేనే కళ్లు మూస్తాను. మా నాయనకు మాత్రం...” అని ఆగిపోయింది. ఎలీషబా వెళ్లి కూతురి వీపు మీద చెయ్యి వేసింది. పట్టాల మీద చాలామంది ఏడుస్తున్నారు.

అప్పుడే గుమ్మం దగ్గర కూర్చున్న ఎబినేజర్ మోకాలి చాటున ఫోన్ చూసుకుని, నా వైపు తలెత్తాడు. వాడి ముఖం వెలిగిపోతోంది. మా వాళ్లు గోల్ కొట్టారని నాకు అర్థమైపోయింది. నా గుండె ఎగిరి గంతేసింది. ఆ పిల్ల కన్నీళ్ల ముందు, ఆ తల్లి చెయ్యి కూతురి వీపు మీద ఉండగా, నా లోపల ఆ స్టేడియం అరుపు లేచింది.

తల వంచుకుని కళ్లు గట్టిగా మూసుకున్నాను. ఎబినేజర్‌ను నేను చూడలేదని, సంతోషపడలేదని దేవుడికి మాత్రం అబద్ధం చెప్పలేను.