తొమ్మిది వరుసలు

ఆ రోజు ఇంట్లో తమ్ముడు, మరదలు, జ్వరంతో బడి మానేసిన మేనకోడలు, అక్క ఉన్నారు. ముందుగదే ఆఫీసు. కిటికీ పక్కన కూర్చుని అక్క ఎప్పటిలాగే లైసెన్సు కాగితాన్ని పైకి చదువుతోంది. కళ్లు దాటేసిన మాట నోటికి తగులుతుందని ఆమె నమ్మకం. పదకొండేళ్లుగా ఆమె సంతకం పడనిదే ఏ ప్రోగ్రామూ ఆ గడప దాటలేదు.

తమ్ముడు దుకాణాలవాళ్లకి ప్రోగ్రాములు రాస్తాడు. కంప్యూటరులో ఇంకేమీ ఎక్కించనక్కర్లేకుండా, నొక్కగానే నడిచేలా వాటిని ఒకే ఫైలుగా కట్టి ఇస్తాడు. ఆ కట్టే సాఫ్ట్‌వేరు ఎవరో ఉచితంగా పెట్టినది. కట్టిన ప్రతి ఫైలులోనూ, ప్రోగ్రామును నిద్రలేపే తన చిన్న ముక్కను అది ఉంచుతుంది. దాని లైసెన్సు ప్రకారం, ఆ ముక్కను ఉన్నదున్నట్టు వాడుకుంటే ఏ పేచీ లేదు. మారిస్తే మాత్రం, మార్చిన కోడ్‌ను కొన్నవాళ్లకి ఇవ్వాలి.

ఆ షరతు దగ్గర అక్క గొంతు ఆగింది. ప్రోగ్రాము త్వరగా తెరుచుకోవాలని ఆ ముక్కలో తొమ్మిది వరుసలు మార్చానని మొన్న భోజనాల దగ్గర తమ్ముడు గొప్పగా చెప్పాడు. మధ్యాహ్నానికి ఫైలు వెళ్లాలి. సాయంత్రం అక్క కూడా వెళ్లిపోతోంది, చిన్ననాటి స్నేహితురాలి దగ్గర ఉండిపోవడానికి.

అడిగితే తమ్ముడు తల గోక్కున్నాడు. నెల్లాళ్లు తిప్పలు పడి కనిపెట్టింది కొన్నవాళ్లకిస్తే, పోటీవాళ్లకి చేరడం ఎంతసేపన్నాడు. ఈ ఒక్కసారికి చూసీచూడనట్టు సంతకం పెట్టమన్నాడు. వెళ్లిపోయేదానివి, నీకెందుకన్నాడు.

“వెళ్లిపోతున్నాను కాబట్టే,” అంది అక్క. “రేపట్నుంచి నీకు చదివిపెట్టేవాళ్లుండరు. ముక్కూమొహం తెలియని మనకి ఆయనెవరో మొత్తం ఇచ్చేశాడు. తొమ్మిది వరుసలకి నీ ప్రాణం పోతోందిరా?”

“మీ తమ్ముడు పెన్నే ఎవరికీ ఇవ్వరు వదినా,” అంది మరదలు లోపల్నించి. “ఇంక వరుసలా?”

తమ్ముడు మూతి ముడుచుకుని కంప్యూటరు వైపు తిరిగాడు. మార్చిన కోడ్‌ను విడిగా ఫోల్డరులో పెట్టి, ఫైలుకు జతచేశాడు. అక్క అదీ పైకి చదివి సంతకం పెట్టింది. ఆ పూట మారు వడ్డించుకుని తింది.

సాయంత్రం కారు వచ్చింది. అక్క నిద్రపోతున్న మేనకోడలి నుదురు తాకి చూసింది. చల్లగా ఉంది. తమ్ముడు పెట్టె ఎక్కించి, బయటికి వేలాడుతున్న ఆమె శాలువా అంచును లోపలికి సర్దాడు.

“చేరగానే ఫోన్ చెయ్యక్కా,” అని కారు తలుపు వేశాడు.

ముందుగదిలో, చదివేటప్పుడు గొంతు తడుపుకునే ఆమె మంచినీళ్ల గ్లాసు కిటికీ గట్టు మీద సగం నిండుగా ఉంది.