పచ్చరంగు కింద ఇళ్ళు

ఆదివారం పొద్దున ఆరుగురు తిన్న పళ్ళేలు దేదీప్య తోముతుంటే, నిశాంత్ తుడిచి అలమరాలో పెడుతున్నాడు. ఆరుగురూ ఉంటున్న, ట్రాయ్ ఊళ్ళోని ఆ ఇల్లు జగన్మోహన్‌ది. వాళ్ళకు వీసాలు చేయించి ఈ దేశం తెచ్చి, బ్యాటరీల కంపెనీ పనికి పెట్టిందీ ఆయనే. పదకొండింటికి సంతకాలకు వస్తానని మెసేజ్ పెట్టాడు.

పని వినడానికి తేలిక. ఎక్కడో సముద్రం నడుమ ఒక దీవిలో నికెల్ ఖనిజం ఉంది. కార్ల బ్యాటరీలకు అది కావాలి. ఆకాశం నుంచి తీసిన ఫొటోల మీద మెషీన్ చెట్లకు పచ్చరంగు, ఇళ్ళకు ఎరుపు వేస్తుంది. దాని తప్పులు ఈ ఆరుగురూ దిద్దాలి. రేకుల కప్పును మెషీన్ పోల్చుకునేది. ఆకుల కప్పును మాత్రం చెట్టనుకునేది.

దేదీప్య పుట్టి పెరిగింది తాటాకింట్లో. ఎండకు ఆకు ఏ రంగుకు తిరుగుతుందో, ఇంటి కొప్పు పక్కన నీడ ఎలా పడుతుందో, మనుషులు తొక్కిన వాకిలి ఎంత తెల్లబడుతుందో ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు. తన భాగంలో రెండు వందల పన్నెండు ఇళ్ళకు ఎరుపు వేసింది. మిగతా ఐదుగురికీ పోల్చుకోవడం నేర్పింది. సోమవారం వచ్చి చూస్తే అన్నీ మళ్ళీ పచ్చగా ఉన్నాయి. మెషీన్ వేసిన పచ్చను ఇకమీద ముట్టుకోవద్దని పైనుంచి మాట వచ్చింది. ఇప్పుడు ఎవరి భాగానికి వాళ్ళు, అక్కడ జనం లేరని రాసివ్వాలి. జనం లేని నేలయితే ఆ దేశపు సర్కారు తొంభై తొమ్మిదేళ్ళకు కంపెనీకి ఇచ్చేస్తుంది. ఉన్నారంటే ఊళ్ళవాళ్ళ ఒప్పుకోలు అడగాలి. అంతా ఆ కాగితం మీదే ఆధారపడి ఉంది.

నిన్న సాయంత్రం ఆరుగురూ వాదించుకున్నారు. నిశాంత్ భార్య దూరాన ఫ్రిస్కో ఊళ్ళో వాళ్ళ అక్క దగ్గర ఉంది, ఏడో నెల. ఉద్యోగం పోతే అరవై రోజుల్లో దేశం విడిచి పోవాలి. మనం కాకపోతే ఇంకో ఆరుగురు సంతకం పెడతారని అతడు పదేపదే అన్నాడు. అందులో అబద్ధమేమీ లేదు.

బొగ్గుబావి కార్మికుడి కూతురు రేణు చాలాసేపు విని, అప్పుడు అంది. "దొరల జెండా ఎన్నడన్న ముందుగాల వచ్చిందా? ముందుగాల బేరగాడు వస్తడు. వాని మిషన్లకు ముడిసరుకు గావాలె, తయారైన సరుకు అమ్ముకునేటందుకు జనం గావాలె. సరుకుకు కాపలా అంటడు, కాపలాకు కోట అంటడు. జెండా ఆఖర్ల ఎగరేస్తడు. ఇప్పుడు ఆ గుడ్డ గూడ దండుగనుకున్నరు. కాయితంతోనే అయితాంది."

వెనకటి రోజుల్లో కూడా దొర ఒక్కడే గొలుసు పట్టుకుని నేల కొలవలేదు, కొలిచింది కింది జీతగాళ్ళే అనుకుంది దేదీప్య. లేచి ఒక తెల్లకాగితం తెచ్చింది. ఏ భాగంలో ఎన్ని ఇళ్ళున్నాయో రాసి, కింద తన పేరు పెట్టింది. ఆ దీవి పల్లెలవాళ్ళకు ఒక సంఘం ఉంది, దానికి పంపుదామంది. చీకటి పడే లోపల ఐదు సంతకాలు అయ్యాయి. నిశాంత్ ముట్టుకోలేదు. ఎవరూ అతన్ని నిందించలేదు.

పదకొండింటికి జగన్మోహన్ డోనట్ల డబ్బాతో వచ్చాడు. అందరినీ పేరుపేరునా పలకరించి, జనం లేరని రాసిన కాగితాలు పంచాడు. ఎవరూ పెన్ను తీయలేదు.

"అబద్ధం రాయమనట్లేదమ్మా," అన్నాడు దేదీప్యతో. "రంగు వేసింది మెషీన్. నువ్వు డిస్టర్బ్ చేయకు, అంతే. గనితో పాటు వాళ్ళకి రైలొస్తుంది. తెల్లవాళ్ళు రాకపోతే మనకి రైలుండేదా?"

"ఆ రైలు పటంలో చూశాను సర్. గని దగ్గర బయలుదేరి ఓడరేవులో ఆగుతుంది. మధ్యలో ఒక్క స్టేషన్ లేదు."

ఆయన నవ్వు ఆగిపోయింది. బల్ల మీది తెల్లకాగితం అప్పుడు కనబడింది. చదివాడు. ఇది బయటికి వెళితే కేసవుతుందని, ఒక్కరి వీసా కూడా నిలవదని మెల్లగా, లెక్కగా చెప్పాడు. సంతకాలు ఇవ్వనివాళ్ళు సాయంత్రానికి ఇల్లు ఖాళీ చేయాలన్నాడు.

"ఆరుగురం ఉన్నం సార్ ఇక్కడ," అంది రేణు. "మాకు గూడ పచ్చరంగు వేస్తరా?"

ఆయన ఐదు పేర్లు మళ్ళీ ఒకసారి చూసుకుని నిశాంత్ వైపు తిరిగాడు.

"నువ్వు తెలివైనవాడివి తమ్ముడూ. పుట్టబోయే బిడ్డ మొహం చూడు. నీ భాగం ఒక్కటి ఇవ్వు, నిన్ను నేను నిలబెట్టుకుంటాను. వీళ్ళ సంగతి వదిలెయ్."

నిశాంత్ పెన్ను అందుకున్నాడు. దేదీప్య తల దించుకుంది, అతని చేతిని చూడటం అన్యాయమనిపించి. పెన్ను గీరిన చప్పుడు వినబడింది. ఆమె తల ఎత్తేసరికి తెల్లకాగితం మీద ఆరో పేరు ఉంది. నిశాంత్ ఇంటి తాళంచెవి తీసి, జగన్మోహన్ తెచ్చిన కాగితం మీద పెట్టాడు. మేడమీదికి వెళ్ళి పెట్టె తెచ్చుకున్నాడు. జాకెట్ వేసుకుని, తలుపు తీసి, మంచులోకి వెళ్ళిపోయాడు.