పచ్చచుక్కకి నెలచందా

ఇజ్యాన్ కొడుకు అకిల్ నెలలు నిండకుండానే తొందరపడి భూమ్మీదికి వచ్చేశాడు. వచ్చినవాణ్ణి తైపింగ్ ఆస్పత్రివాళ్లు తల్లి ఒళ్లో కాకుండా గాజుపెట్టెలో పడుకోబెట్టారు. పెట్టె పక్కన ఒక ఆకుపచ్చ దీపం వెలుగుతూ ఉండేది. అది పచ్చగా ఉన్నంతసేపూ బాబుకి ఊపిరి చక్కగా ఆడుతున్నట్టే, బెంగపడకమ్మా అని నర్సు చెప్పింది. ఇజ్యాన్ బళ్లో విన్న పాఠాలన్నీ ఏనాడో మర్చిపోయింది గానీ ఈ ఒక్క మాట మాత్రం మనసులో మేకు దిగినట్టు దిగిపోయింది.

ఇంటికొచ్చాక దీపం లేదు. పిల్లాడు ఉన్నాడు, ఊపిరి ఉందో లేదో చెప్పేవాళ్లు లేరు. నిద్రపోతున్నవాడి ముక్కు కింద వేలు పెట్టి చూసేది. ఏమీ తగలనట్టు అనిపించి ఇంకాస్త దగ్గరికి జరిపేది. వాడు ఉలిక్కిపడి లేచి కేరుమనేవాడు. ఏడుస్తున్నాడంటే ఊపిరి ఉన్నట్టేగా అని అప్పుడు ఆమె స్థిమితపడేది. ఆ ఇంట్లో స్థిమితపడింది ఆమె ఒక్కతే.

ఆ గోల పడలేక మొగుడు ఫైజుల్ కరెంటు ఉయ్యాల తెచ్చాడు. మూడుకాళ్ల స్టాండు, పైన మోటారు, మోటారు కింద స్ప్రింగు, స్ప్రింగుకి వేలాడే, లుంగీలాంటి సారంగు గుడ్డ. గుడ్డ ఒక్కటే పాతది, అత్తగారు సల్బియాది, ఫైజుల్‌ని ఊపిందే. మిగతాదంతా చదువుకున్న సరుకు. పిల్లాడు కదిలితే ఊగుతుంది, ఏడిస్తే ఇంకాస్త గట్టిగా ఊగుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, ఫోనులో ఒక ఆకుపచ్చ చుక్క చూపిస్తుంది. చుక్క పక్కన "మీ బిడ్డ హాయిగా నిద్రపోతోంది" అని రాసుంటుంది.

చుక్క చూడగానే ఇజ్యాన్‌కి ప్రాణం లేచొచ్చింది. అది ఊపిరి చుక్కేనా అని ఎవర్నీ అడగలేదు. పచ్చగా ఉంది, అంతకన్నా ఏం కావాలి? అట్టపెట్టె మీద బొమ్మలో ఒక తల్లి పళ్లన్నీ కనబడేలా నవ్వుతోంది. ఆ నవ్వు చూశాక ప్రశ్నలు అడగబుద్ధయ్యేవాళ్లు ఈ లోకంలో తక్కువ. ఆ రోజునుంచీ ఇజ్యాన్ అన్నం వండినా, బట్టలు పిండినా ఫోను పక్కనే. స్నానానికి వెళ్తే సబ్బుపెట్టె మీద ఫోను. ఒక కన్ను చుక్క మీద, ఒక కన్ను పని మీద. పిల్లాడి మీద పెట్టడానికి మూడో కన్ను అవసరం పడలేదు.

అకిల్‌కి బోర్లా పడటం వచ్చే రోజుల్లో ఒక పొద్దున చుక్క మాయమైంది. దాని చోట ఒక ఉత్తరం. "ప్రియమైన అమ్మా, మీకో శుభవార్త" అని మొదలైంది. శుభవార్త ఏమిటంటే కొత్త వెర్షన్ వచ్చింది. పాతది రిటైరైపోయింది. ఇకనుంచి పచ్చచుక్క 'ప్రశాంత మాతృత్వం' అనే పథకంలో దొరుకుతుంది, నెలకి ఇరవై తొమ్మిది రింగిట్లు. అక్కర్లేదనుకునే తల్లులకి ఉయ్యాల ఎప్పట్లాగే ఉచితంగా ఊగుతుంది, కాకపోతే మధ్యమధ్యలో ఆగి డైపర్ల గురించి నాలుగు మంచిమాటలు చెబుతుంది. డబ్బులిచ్చి కొన్న ఉయ్యాల ఉచితంగా ఊగుతుందని రాయడానికి ఎంత పెద్ద మనసు కావాలి!

మంచిమాటలు చెప్పిన ప్రతిసారీ అకిల్ లేచాడు. మధ్యాహ్నానికి వాడి ముఖం, తల్లి ముఖం ఒకే రంగులో ఉన్నాయి.

భోజనాల దగ్గర పంచాయితీ పెట్టారు. సల్బియా పొద్దున్నే ఇంటి ముందు కొబ్బరిపాల అన్నం పొట్లాలు కట్టి అమ్ముతుంది. ఫైజుల్‌కి బజారు మూలమీద ఫోన్లు బాగుచేసే కొట్టుంది. ఇద్దరూ వ్యాపారస్తులే కాబట్టి న్యాయం ఇద్దరికీ తెలుసు, కాకపోతే చెరొకటి.

"పొద్దున నా దగ్గర పొట్లం కొన్నవాడింటికి మధ్యాహ్నం వెళ్లి, 'నా అన్నం నీ కడుపులో ఇంకా పులవకుండా చూసుకుంటున్నాను, ఇంకో రింగిట్ తియ్యి' అంటే చెప్పు తీసుక్కొడతాడా కొట్టడా?" అంది సల్బియా.

"అన్నంతో పోలికేంటమ్మా. అమ్మేశాక నీ పని అయిపోయింది. వీళ్లకి అలా కాదు. కొత్త ఫోన్లొస్తే వాటికి తగ్గట్టు సర్దాలి, దొంగలు జొరబడకుండా కాపలా కాయాలి. ఆ ప్రోగ్రాములు రాసే కుర్రాళ్లకి మాత్రం పెళ్లాం బిడ్డలు ఉండరా? ఒక్కసారి కొన్నాం గదా అని జీవితాంతం ఊడిగం చెయ్యమంటే ఎట్లా?"

"కొత్తది ఏదన్నా ఇచ్చి అడగమను, ఇస్తాం. మొన్నటిదాకా ఉన్నదాన్ని పీక్కుని, కాగితంలో చుట్టి, కొత్తదని మళ్లీ మనకే అమ్మడానికి మా రోజుల్లో వేరే పేరుండేది. ఆ పని చేసినవాణ్ణి పోలీసులు తీసుకెళ్లేవాళ్లు."

మొగుడి కొట్టుకి ముసలివాళ్లు ఫోన్లు పట్టుకొస్తారనీ, అతను ఒక మీట నొక్కితే దానంతటదే ఉచితంగా కొత్త వెర్షన్ దిగుతుందనీ, ఆ దిగేలోపు నుదుటి చెమట తుడుచుకుని పది రింగిట్లు తీసుకుంటాడనీ ఇజ్యాన్‌కి తెలుసు. రాసినవాళ్ల కష్టం గురించి అతను అంత కన్నీటితో మాట్లాడటం అందుకే విడ్డూరంగా లేదు. ఆ పది రింగిట్లే కంచంలో చేపగా మారాయి కాబట్టి ఆమె ముల్లు తీసుకుంటూ కూర్చుంది.

అసలు ఆమెకి ఎవరి న్యాయమూ అక్కర్లేదు. చుక్క కావాలి. పొద్దున్నుంచీ మళ్లీ ముక్కు కింద వేలు మొదలైంది. ఇరవై తొమ్మిది కాదు, తొంభై అడిగినా ఆమె ఇచ్చేదే. ఆ సంగతి కంపెనీవాళ్లకి ఆమెకన్నా ముందే తెలుసు.

చివరికి కొడుకు గెలిచాడు, తల్లి ఓడలేదు. మొదటి వారం ఉచితమని రాసుంది గదా, వాడి చూద్దాం అని ఫైజుల్ కార్డు నంబరు కొట్టాడు. ఉచితానికి కార్డెందుకురా అని సల్బియా అడిగింది. అది మర్యాదమ్మా అన్నాడు. చుక్క తిరిగొచ్చింది, మునుపటికన్నా పెద్దగా, చుట్టూ ఒక పూలదండతో. ఇజ్యాన్ ఫోనుని గుండెకి హత్తుకుని కళ్లొత్తుకుంది. ఆ పూట పిల్లాణ్ణి కూడా అంత గట్టిగా హత్తుకోలేదు.

ఆ వారం గడవకముందే, ఒక సాయంకాలం వాన కురుస్తోంది. ఇజ్యాన్ వసారాలో కూర్చుని అకిల్‌కి పాలిస్తోంది. సల్బియా పక్కనే అరిటాకులు తుడుస్తోంది. గదిలో ఉయ్యాల కిర్రుమంది. అత్తాకోడళ్లు ఒకేసారి తలెత్తారు. సారంగు పైకీ కిందికీ ఊగుతోంది. లోపల ఎవరూ లేరు. మెల్లగా, ప్రేమగా, ఎవరినో జోకొడుతున్నట్టు ఊగుతోంది.

ఖాళీ ఉయ్యాల ఊపితే ఏమవుతుందో ఆ వీధిలో పాలుతాగే పిల్లల్ని అడిగినా చెబుతారు. బిడ్డకి కడుపునొప్పి, ఆపైన ఖాళీ చోటు చూసి పక్కింటి దయ్యం వచ్చి పడుకోవడం. సల్బియా అరిటాకులు అవతల పారేసి, ఆయతుల్ కుర్సీ చదువుకుంటూ లోపలికి పరిగెత్తి స్ప్రింగుని రెండు చేతులా పట్టుకుంది. మోటారు మాత్రం ఊపడం మానలేదు. పెద్దావిడ కూడా దాంతోపాటు పైకీ కిందికీ ఊగుతోంది, ప్రార్థన ఆపకుండా.

"చూస్తావేమే, ఆ ఫోనుకి చెప్పు ఆపమని!"

ఇజ్యాన్ ఫోను తీసింది. చుక్క పచ్చగా ఉంది. పూలదండా ఉంది. "మీ బిడ్డ హాయిగా నిద్రపోతోంది."

ఆమె ఒళ్లోకి చూసింది. అకిల్ పాలు తాగడం ఆపి, కళ్లు ఇంతింత చేసుకుని ఆమెనే చూస్తున్నాడు.

సల్బియాకి దయ్యం భయం. ఇజ్యాన్‌కి అంతకన్నా పెద్ద భయం వచ్చి కూర్చుంది. ఉత్త గుడ్డని చూసి పచ్చగా వెలిగే చుక్క, ఇన్ని నెలలూ ఏం చూసి వెలిగినట్టు? తను నీళ్లు పోసుకుంటున్నప్పుడు, మేడమీద బట్టలు ఆరేస్తున్నప్పుడు, సబ్బుపెట్టె మీంచి అది చెప్పిందంతా ఏమిటి? ఊగే ఉయ్యాలనీ, ఊగే అత్తగారినీ, వెలిగే చుక్కనీ, ఒళ్లో పిల్లాణ్ణీ కలిపి, ఇంట్లో పడున్న ఫైజుల్ పాత ఫోనుతో వీడియో తీసి, ఊళ్లో కొత్త తల్లుల గ్రూపులో పెట్టింది. ఆపైన వైరు పీకింది.

కంపెనీకి ఫోను చేస్తే ఒక పాట వచ్చింది. మళ్లీ చేస్తే అదే పాట మొదట్నుంచీ వచ్చింది. కానీ వీడియో ఊరు దాటి పెద్ద పట్నం ఈపో చేరేసరికి కంపెనీకి చెవులు వాటంతటవే తెరుచుకున్నాయి. మర్నాడు మధ్యాహ్నం హజ్వాన్ అనే కుర్రాడు, ఇస్త్రీ చొక్కాతో, డైపర్ల బుట్టతో గుమ్మంలో నిలబడ్డాడు. ఫైజుల్ కొట్టు మూసి మరీ వచ్చాడు. సల్బియా టీ ఇచ్చింది, చక్కెర వెయ్యకుండా.

హజ్వాన్ చాలా ఓపిగ్గా వివరించాడు. ఉయ్యాల ఊగింది దయ్యం వల్ల కాదట, కొత్త వెర్షన్ రోజుకోసారి తనని తాను పరీక్షించుకుంటుందట. చుక్క విషయంలోనూ తప్పేమీ లేదట. మోటారూ ఇంటర్నెట్టూ బాగుంటే అది వెలుగుతుంది. రెండూ బాగున్నాయి, కాబట్టి వెలిగింది.

"మరి బిడ్డ నిద్రపోతోందని రాశారు గదా బాబూ," అంది సల్బియా.

"ఉయ్యాల నడుస్తుంటే బిడ్డ అందులో ఉంటుందని మా అంచనా అండీ. ఉందో లేదో కనిపెట్టే ఏర్పాటు ఇంకా ఖరీదైన పై పథకంలో ఉంది."

అతను బుట్టని కాస్త ముందుకి జరిపాడు. జరిగినదానికి కంపెనీ ఎంతో నొచ్చుకుందనీ, ఆ పై పథకాన్ని ఈ ఇంటికి జీవితాంతం ఉచితంగా ఇవ్వదలిచిందనీ, అమ్మగారు ఆ వీడియో ఒక్కటీ తీసేస్తే చాలనీ అన్నాడు. ఉచితం, జీవితాంతం, రెండు మాటలూ పక్కపక్కనే పడేసరికి ఫైజుల్ ముఖం ఆస్పత్రి దీపంలా వెలిగింది. మోచేత్తో పెళ్లాన్ని పొడిచాడు.

ఇజ్యాన్ పొడుపుని పట్టించుకోలేదు. "ఆ పై పథకంలో, వాడికి ఊపిరి ఆడుతోందో లేదో తెలుస్తుందా?" అని అడిగింది.

హజ్వాన్ టీ కప్పులోకి చూశాడు. "ఇది వైద్య పరికరం కాదమ్మా. షరతుల్లో రాశాం."

"మరి చుక్క ఎందుకు పెట్టారు?"

"అమ్మలకి ధైర్యంగా ఉంటుందని."

"వచ్చిందండీ ధైర్యం," అంది ఇజ్యాన్. గొంతు పెంచలేదు. "మీ దయవల్ల చాలా వచ్చింది. తలుపేసుకుని తలంటు పోసుకున్నాను. వాడివైపు ఒక్కసారి తొంగిచూడాలని కూడా అనిపించలేదు."

ఫైజుల్ పొడవడం మానేశాడు.

"నాకొద్దు," అందామె. "డబ్బులకీ వద్దు, ఉచితంగానూ వద్దు."

హజ్వాన్ గొంతు సవరించుకున్నాడు. "అలాగే అమ్మా. మరి వీడియో..."

"అది పాత వెర్షన్ అండీ, అందరికీ కనబడుతుంది. కనబడకుండా ఉండాలంటే పథకం ఉంది. నెలకి ఇరవై తొమ్మిది రింగిట్లు. మీరు కట్టినన్నాళ్లూ కనబడదు," అంది ఇజ్యాన్.

కుర్రాడు ఫైజుల్‌కేసి చూశాడు, మగవాడు గదా, అర్థం చేసుకుంటాడని. ఫైజుల్ చాలా బాధగా తలాడించాడు. "ఆవిడకీ ఖర్చులుంటాయి కదండీ," అన్నాడు.

సల్బియా అప్పుడు లేచి వెళ్లి చక్కెర డబ్బా తెచ్చింది. హజ్వాన్ ఆగలేదు. బుట్ట వదిలేసి వెళ్లాడు. డైపర్లు ఒక సైజు చిన్నవి.

ఫైజుల్ స్టూలెక్కి మోటారు విప్పేశాడు. స్ప్రింగునీ సారంగునీ దూలానికి కట్టి, ఒక తాడు కిందికి వదిలాడు. తాడు లాగితే ఊగుతుంది, లాగకపోతే ఊగదు, అంతకుమించి దానికి ఏ తెలివీ లేదు. ఇజ్యాన్ తాడు పట్టుకుని కింద కూర్చుంది. గుడ్డలోంచి పిల్లాడి వీపు ఉబ్బడం, తగ్గడం కనబడుతోంది. కళ్లు తిప్పితే ఆగిపోతుందేమోనని తిప్పలేదు. అలా పూటంతా కూర్చుంది. పొయ్యి వెలగలేదు, బట్టలు నానాయి, జడ రెండు రోజులనాటిది. భయం పోయిందేమో అనుకునేవాళ్లు తల్లులు కానివాళ్లు. అది ఎక్కడికీ పోలేదు, ఇన్నాళ్లూ చుక్క వెనక నక్కింది, ఇప్పుడు బయటికొచ్చి ఆమె పక్కనే చాపేసుకుని కూర్చుంది.

మర్నాడు సల్బియా వచ్చి తాడు లాక్కుంది. "లే. నీళ్లోసుకో. నీ వాసనకి పిల్లాడు పడుకోవట్లేదు."

అత్తగారికి ఉయ్యాల ఊపుతూ కునుకు తీసే అలవాటుందని ఇజ్యాన్‌కి తెలుసు. అందుకే ఇన్నాళ్లూ ఒక్కసారీ ఆవిడకి అప్పజెప్పలేదు. గుమ్మందాకా వెళ్లి ఆగింది. వెనక్కి వచ్చింది. మళ్లీ వెళ్లింది. తలుపు వెయ్యలేదు, పరదా లాగి ఊరుకుంది. మొదటి చెంబు పోసుకుని, "అత్తా, చూస్తున్నారా?" అని అరిచింది. చూస్తున్నానంది అత్త. రెండో చెంబుకి, "వీపు కదులుతోందా?" కదులుతోందంది. మూడో చెంబుకి కాసేపు జవాబు రాలేదు. ఇజ్యాన్ చెంబు గాల్లోనే పట్టుకుని నిలబడిపోయింది.

"అత్తా! ఊపిరి ఆడుతోందా?"

"ఆడుతోందే తల్లీ, వాడికి ఆడుతోంది," పరదా అవతల్నుంచి సల్బియా గొణిగింది. "నీ గోలకి నాకే ఆడట్లేదు."

ఇజ్యాన్ చెంబు వంచింది. నాలుగో చెంబు ముంచుకుంటూ మళ్లీ అడిగింది.