అక్క కణాలు

ఉదయం ఎనిమిదింటికల్లా చెల్లెలు ఆసుపత్రి ల్యాబులో ఉండేది. చేతులు కడుక్కుని, గ్లౌజులు తొడుక్కుని, ఇంక్యుబేటర్ తెరిచి, పళ్లాల్లో పెరిగే మూలకణాలకి పాత ద్రవం తీసి కొత్తది పోసేది. ఎవరి ఎముక మజ్జలోంచి వచ్చాయో వాళ్ల గొంతుతోనే అవి మాట్లాడేవి. "ఇవాళ మరీ చల్లగా ఉందేంటమ్మా?" అని ఒక రిటైరైన టీచరు కణాలు సణిగితే, గది తుడిచే ఆయమ్మ "మీకన్నీ వంకలే" అని విసుక్కునేది.

ఒక వారం లివర్ వార్డు జాబితాలో బావ పేరు కనిపించింది. తాగి తాగి కాలేయం గట్టిపడిపోయింది. పొట్ట నిండా నీరు, పసుపెక్కిన కళ్లు. మూడేళ్ల కిందట అక్క మేడమెట్ల మీంచి పడి చనిపోయినప్పుడు, కాలు జారిందని అందరికీ చెప్పింది ఆయనే. అక్క మెడమీద వేళ్ల గుర్తులు చూశానని చెల్లెలు ఎంత మొత్తుకున్నా ఎవరూ నమ్మలేదు.

"ఆయన సొంత కణాలు పెరగట్లేదు. దాతలవి చూడు," అన్నాడు డాక్టరు.

ఫ్రీజర్లో అక్కవి ఉన్నాయి. బతికున్నప్పుడు చెల్లెలి ల్యాబు కదా అని మురిసిపోతూ ఇచ్చింది. వాటిని కరిగించగానే అక్క గొంతు అడిగింది.

"ఎవరికే?"

"బావకి."

చెల్లెలు పళ్లెం మీదికి వంగింది.

"చచ్చిన కణాలు ఎక్కించేస్తానక్కా. ఎవరికీ తెలీదు."

"పిచ్చిదానా, వాడు పోతే నా సంగతి ఎవరు చెప్తారు? నన్నే పంపు."

సూది గుచ్చుతుంటే బావ నీరసంగా నవ్వాడు. "పాతవన్నీ మనసులో పెట్టుకోకు, మరదలా."

"మనసులో పెట్టుకోలేదు బావా, సీసాలో పెట్టాను."

రెండు నెలల్లో పొట్ట తగ్గింది, కళ్లు తెల్లబడ్డాయి. ఇంటికి పంపేరోజు డాక్టరు "ఎలా ఉంది?" అని అడిగాడు. బావ నోరు తెరిచాడు.

"నేను జారలేదు. తోశాడు," అంది అక్క గొంతు.

బావ రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. గొంతు పక్కటెముకల కిందనుంచి వస్తూనే ఉంది. ఏ రోజు, ఏ మెట్టు, ఎందుకు, అన్నీ చెప్పింది. నర్సు పొల్లు పోకుండా కేస్ షీట్లో రాసుకుని, పోలీసులకి ఫోన్ చేసింది.

"గట్టిగా చెప్పక్కా," అంది చెల్లెలు.

కోర్టులోనూ అదే గొంతు పలికింది. యావజ్జీవం పడింది. శిక్షంతా అనుభవించడానికి ఖైదీ కాలేయం భేషుగ్గా ఉందని జైలు డాక్టరు రాసిచ్చాడు. చెల్లెలు ఆ కాగితం నకలు తెప్పించుకుని, తనివి తీరక, రెండోసారి చదువుకుంది.