పెద్దామె బిళ్ల

పొద్దున్నే పుస్తెలకు పసుపు రాసుకునేటప్పుడు ముందు ఆమె బిళ్లకు రాయాలి. చనిపోయిన మొదటి భార్య పేర, మా పెళ్లినాడు నా మెడలో కట్టిన చిన్న బంగారు బిళ్ల అది. ఖాజాగూడలోని ఈ ఇంట్లో ఆమె పేరు ఎవరూ ఎత్తరు. పెద్దామె అంటారు. మాల కడితే మొదటి మూర పెద్దామెకు, మిగిలితే నాకు. కూర మాడితే మా అత్తమ్మ సత్తెమ్మ, "పెద్దామెకు ముద్ద తీసిపెట్టలేదా ఏంది?" అంటుంది. కోఠీ కాలేజీలో బి.ఏ. చదివిన నేను మొదట్లో లోలోపల నవ్వుకున్నాను. ఇప్పుడు నవ్వు రావడం లేదు. బంతిపూలు కోయడానికి వంగినప్పుడల్లా ఆ బిళ్ల జాకెట్టులోంచి జారి నేలకేసి వేలాడుతుంది. కింద నుంచి ఎవరో పట్టుకుని చూస్తున్నట్టు ఉంటుంది.

నాకు ఏడో నెల. కాన్పుకు తీసుకెళ్తానని మా అమ్మ వస్తే, బతుకమ్మ పండుగ దాటాక పంపుతామని అత్తమ్మ వెనక్కి పంపింది. పట్నంలో పూలకు ఇంత గిరాకీ మళ్లీ ఉండదు. నడుము పట్టేసిందంటే మా ఆయన వీరేశం మెల్లగానే అన్నాడు: "జర ఓపిక పట్టు. పండుగైనంక నిన్నెవరు లేపుతరు?" ఆయన ఎప్పుడూ గొంతు పెంచడు. అందుకే కాదనడానికి నాకు మాట దొరకదు.

నిన్న నేను పూలగంప ఎత్తుకోబోతే, పక్క సాలులో కూలికి కోస్తున్న పోచమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దు బిడ్డా. భాగ్యమ్మ గిట్లనే ఎత్తింది."

"భాగ్యమ్మ ఎవరు?"

ఆమె నా మెడ వంక చూసింది.

"జ్వరమొచ్చి పోయిందన్నరు గద," అన్నాను.

"ఏం జ్వరం. గీ సాల్లనే కూలబడ్డది. నీ లెక్కనే కడుపుతోని. ఉన్న ఒక్క బండి పూలతోని పట్నం పోయె. అది తిరిగొచ్చేదాంక గట్టు మీదనే పండుకోబెట్టిన్రు. దవాఖాన దాంక పోనేలేదు."

సాయంత్రం అన్నం పెడుతూ ఆయన్ని అడిగాను. "ఆ రోజు బండి తోలింది మీరేనా?"

అన్నంలో కూర కలుపుకున్నాడు. "పూలు ఆగయి గద," అన్నాడు.

ఆ మాటలో కోపం లేదు. బాధ ఉందేమోనని వెతికాను. కలుపుకున్న ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

ఈరోజు తెల్లవారకముందే ఎడ్లను కట్టి ఉంచాడు. అత్తమ్మ గంప తెచ్చి నా ముందు పెట్టింది. నేను దాన్ని పక్కకు జరిపి, చక్రం పట్టుకుని, మెల్లగా బండెక్కి కూర్చున్నాను.

"అది పూలకు కట్టిన బండి. దిగు," అంది అత్తమ్మ. నేను కదలకపోయేసరికి గొంతు తగ్గించింది. "పెద్దామె పట్టిందా ఏంది నిన్ను?"

"లేదత్తమ్మా. నేనే. మా అమ్మ దగ్గరికి పోతున్న."

వీరేశం ఎడ్ల పక్కనే నిలబడిపోయాడు. నేను బిళ్లను జాకెట్టులోంచి తీసి, అందరికీ కనిపించేలా చీర మీద వేసుకున్నాను.

"తోలుండ్రి," అన్నాను. "భాగ్యమ్మ కూడా ఎక్కింది."