కుండెడు నీళ్లు

బోధనులో చక్కెర మిల్లు లేస్తున్న ఏడు ధర్పల్లి పక్క పల్లెల్లో కలరా గత్తర పడింది. పొద్దున వాంతులు, సాయంత్రానికి పాడె. భూమన్న కూతురు సారమ్మకు తెల్లవారుతుండగా పట్టుకుంది. మందు తెస్తానని నిజామాబాదు పోయిన మిషను ఉపదేశి ఇంకా రాలేదు.

బాప్తిస్మం తీసుకున్ననాడే ఇక అమ్మవారి ముందు డప్పు కొట్టనని భూమన్న ప్రభువుకు ప్రమాణం చేశాడు. అందుకే అమ్మకు కోపమొచ్చిందని వాడ పెద్ద భోజన్న ఊరంతా తిరిగి చెప్పాడు. వాడవాళ్లు ఊరబావి ముట్టకూడదు, ఎవరైనా చేదిపోస్తేనే నీళ్లు. ఆ కాస్త దయా పటేలు ఆపించాడు. వాగునీళ్లలోనే రోగముందని, చచ్చినా తాగవద్దని ఉపదేశి మరీ మరీ చెప్పిపోయాడు.

భూమన్న పోయి నీళ్లడిగితే పటేలు అరుగు దిగకుండానే అన్నాడు. “అమ్మను పొలిమేర దాటియ్యాలె. డప్పు కొట్టు, నీ కుండ నింపిస్త.”

ఇంట్లో సారమ్మ నాలుక పిడచకట్టి “బాపూ, నీళ్లు” అంటోంది. భార్య శంకరమ్మ దూలానికి వేలాడుతున్న డప్పు వైపు చూసింది. కన్నతండ్రి ఇంకేం చేస్తాడు?

భూమన్న గడ్డిమంట వేసి డప్పు కాచాడు. మొదటి దెబ్బకు కళ్లనీళ్లు తిరిగాయి. పొలిమేర చేరేసరికి చేతులు వాటంతటవే ఆడాయి, అడుగులూ పడ్డాయి. సిగ్గుచేటు ఏమిటంటే, కాసేపు బిడ్డనే మరిచిపోయాడు.

పటేలు మాట తప్పలేదు, కుండ నిండా పోయించాడు. ఆ నీళ్లు తొణకనీయకుండా, పరుగెత్తలేక, నడవలేక భూమన్న ఇల్లు చేరాడు. శంకరమ్మ బిడ్డ ముఖం మీద కొంగు కప్పి కూర్చుని ఉంది.

“ప్రభువా” అందామంటే నోరు రాలేదు. ఏ ముఖం పెట్టుకుని అంటాడు? బిడ్డనూ పోగొట్టుకున్నాడు, ఆయననూ పోగొట్టుకున్నాడు. కుండ నేలకేసి కొట్టబోయాడు.

పక్క గుడిసెలోంచి మూలుగు వినిపించింది. భోజన్నది. వాంతులు మొదలు కాగానే ఇంటివాళ్లు అతన్ని వదిలి పారిపోయారు. చావనీ అనుకున్నాడు భూమన్న. నిజంగానే అనుకున్నాడు.

శంకరమ్మ తలెత్తకుండానే అంది. “గాయనకు సుత దూపయితది.”

భూమన్న కుండతో ఆ గుడిసెలోకి పోయాడు. భోజన్న తల ఒళ్లో పెట్టుకుని, ముంతతో నోట్లో నీళ్లు పోశాడు. కాసేపటికి ముసలాయన కళ్లు తెరిచాడు.

“డప్పు ఇన్న రా. మంచిగ కొట్టినవ్. అమ్మ సల్లబడ్డది. ఇగ నీ బిడ్డకేం గాదు.”

భూమన్న ముంత మళ్లీ కుండలో ముంచాడు.

“తాగు పెద్దబాపు” అన్నాడు.