కదలని గీత

లైసెన్సు వచ్చిందన్న మెసేజ్ ఫోన్లో టింగుమన్నప్పుడు కొత్తకోడలి చేతులు మోచేతుల దాకా సబ్బు నురగలో ఉన్నాయి. ఆగలేక ముక్కుతోనే తెర నొక్కి చదివింది. నాలుగైదు అక్షరాలు, మధ్యలో ఒక అంకె. లైసెన్సు మీద ఇళ్ల నుంచే మాట్లాడుకునే హామ్ రేడియోలో ఇక మీదట అదే ఆమె పేరు. ఆమె పెట్టిన కేకకి వంటింట్లో గిన్నె దభీమని కింద పడింది.

"ఏమైందే అమ్మాయ్? పామా?" అంటూ అత్తగారు గరిటె పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

"పాము కాదత్తయ్యా, కాల్‌సైన్! నాకు కాల్‌సైన్ ఇచ్చారు! ఇక నేనూ రేడియోలో మాట్లాడొచ్చు!"

"ఓస్ అంతేనా. ఇన్నాళ్లూ నువ్వు మాట్లాడనిదెక్కడ?" అంది అత్తగారు, గరిటెతో కోడలి బుగ్గ మీది నురగ తీస్తూ.

పెళ్లై ఇంకా పారాణి గుర్తు కూడా పూర్తిగా పోలేదు. మొగుడు వాతావరణ కేంద్రంలో టెక్నీషియన్. ఆ కేంద్రం ఊరి వెనక కొండ కొమ్మున ఉంది. మేడ ఎక్కితే తెల్లటి అగ్గిపెట్టెలా కనిపిస్తుంది. వానాకాలమంతా అతని డ్యూటీ అక్కడే. ఫోను పలకాలంటే అతను కేంద్రం బయట ఉన్న ఒక బండరాయి ఎక్కి నిలబడాలి. అందుకే రోజూ పొద్దు వాలే వేళకి రేడియో పెట్టి, తను తిన్నదీ, గాలి వీచిందీ, మేఘాలు ఏ రంగులో ఉన్నదీ చెప్పేవాడు. మేడ మీద ఆంటెన్నా బిగించి అతను ఇంట్లో పెట్టి వెళ్లిన రేడియోలో, లైసెన్సు లేదు కాబట్టి, ఆమె వినడమే. వింటూ గదిలో ఒక్కతే తలాడించేది, చేతులూపేది.

"రేడియోకి చేతులూపితే వాడికి కనిపిస్తుందటే?" అని అత్తగారు పడీపడీ నవ్వేది.

తడి చేతులతోనే మొగుడికి ఫోన్ చేసింది. "రాయెక్కావా?"

"ఎక్కా. జారుతోంది, తొందరగా చెప్పు పిచ్చుకా."

"వచ్చేసింది!"

అవతల అతను వేసిన ఈలకి ఆమె చెవి గింగురుమంది. "అయితే ఇవాళ్టి నుంచి నువ్వు జవాబు చెప్పాలి. పలక్కపోతే అలిగావనుకుంటా."

"అలిగితే ఏం చేస్తావేం?"

"ఏం చేస్తా, దిగొచ్చి కాళ్లు పట్టుకుంటా."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ నవ్వులోనే లైను తెగిపోయింది. మధ్యాహ్నానికి గాలి, గాలి వెనకే వాన. సాయంత్రానికల్లా ఫోన్లన్నీ మూగబోయాయి, కరెంటు పోయింది. మేడ మీంచి చూస్తే కొండ లేదు. ఉండాల్సిన చోట బూడిదరంగు గోడ ఉంది.

అయినా ఆమెకి దిగులు కలగలేదు. రేడియోకి బ్యాటరీ ఉంది. చేతిలో డాక్టరు డబ్బా ఉంది.

కొత్త మొగుళ్లు పూలు తెస్తారు, చీరలు తెస్తారు. ఇతను ఎనలైజర్ తెచ్చాడు. అరచేతిలో ఇమిడే చవకరకం పసుపు డబ్బా, చిన్న తెర, పైన కేబుల్ బిగించే మూతి. ఆంటెన్నా కేబుల్ కొస దానికి తగిలిస్తే అది కాస్త శక్తి పైకి పంపి, అందులో ఎంత వెనక్కి తిరిగొచ్చిందో గీత గీసి చూపిస్తుంది. వెనక్కి వచ్చేది తక్కువైతే ఆంటెన్నా ఆరోగ్యంగా ఉన్నట్టు. అంకె ఒకటికి దగ్గరగా ఉంటుంది. ఎక్కువైతే ఆంటెన్నాకి జబ్బు చేసినట్టు. అందుకే అత్తగారు దానికి డాక్టరు డబ్బా అని పేరు పెట్టింది. ఆమెకి ఆ పేరు ఎంత నచ్చిందంటే, దాన్ని పెట్టుకోవడానికి పాత జాకెట్టు గుడ్డతో ఒక సంచీ కుట్టింది.

మైకు పట్టుకునే ముందు పద్ధతి ప్రకారం డబ్బా తగిలించి చూసింది. గీత తెర అడుగున, ఈ చివర నుంచి ఆ చివర దాకా తాడు లాగినట్టు పడుకుని ఉంది. ఎక్కడ చూసినా ఒకటికి ఆనుకునే ఉంది. ఆంటెన్నా ఇంత ఆరోగ్యంగా ఎప్పుడూ లేదు! ఆమె డబ్బాని ముద్దుపెట్టుకుని, రేడియో పెట్టి, తన కొత్త పేరు చెప్పుకుంది. మొగుణ్ణి పిలిచింది. మీట వదిలింది.

బుస్సుమనే హోరు తప్ప ఏమీ లేదు.

మళ్లీ పిలిచింది. మళ్లీ హోరు. రోజూ గదిలో కూర్చుని మాట్లాడినట్టు వినిపించే గొంతు ఇవాళ లేదు. అత్తగారు దీపం పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"ఏమంటున్నాడే?"

"ఏమీ అనట్లేదత్తయ్యా."

"నీ ఆంటెన్నా ఏమన్నా…"

"ఆంటెన్నా బ్రహ్మాండంగా ఉంది. డబ్బా చెప్పింది." ఆ మాట అంటూనే మూగబోయిన ఫోను తీసి చూసింది. ఇక్కడ అంతా బాగుంటే, బాగులేనిది అక్కడే అన్నమాట. బండరాయి జారుతోందన్నాడు. ఈల వేశాడు. నవ్వాడు. ఆ తర్వాత లైను తెగింది. ఎందుకు తెగింది?

ఆ రాత్రి అత్తాకోడళ్లిద్దరూ ఒకే మంచం మీద పడుకుని, ఒకరు నిద్రపోతున్నారని ఇంకొకరు అనుకునేలా కళ్లు మూసుకున్నారు.

మర్నాడు మధ్యాహ్నం వాతావరణ కేంద్రం జీపు డ్రైవరు వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి తల తుడుచుకున్నాడు.

"పిన్నిగారూ, కంగారుపడకండి. అబ్బాయి పైన ఉన్నంతసేపూ భయం లేదు. గోడలు గట్టివి, తిండి ఉంది. దిగకుండా ఉంటే చాలు."

"దిగితే?" అంది కోడలు.

డ్రైవరు ఆమె వైపు చూడకుండా చెప్పాడు. "కాలిబాట సగంలో తెగిపోయిందమ్మా. వాగు మీద వంతెన కూడా లేదు. కింది నుంచి మేం చూశాం గనక తెలిసింది. పై నుంచి వచ్చేవాడికి తెలియదు. పొగమంచులో కాలు వేసేదాకా తెలియదు."

"ఆఫీసు నుంచి చెప్పలేరా?"

"ఆ లైనూ తెగింది. అయినా వాడెందుకు దిగుతాడమ్మా, పనేముందని?"

దిగొచ్చి కాళ్లు పట్టుకుంటా అన్న మాట ఆమె చెవిలో మళ్లీ మోగింది. డ్రైవరు పక్క వీధిలోనే ఉంటానని చెప్పి వెళ్లిపోయాడు.

పొద్దు వాలకముందే రేడియో ముందు కూర్చుంది. శబ్దం చివరిదాకా పెంచింది. హోరు, హోరు, హోరు. చెవి దాదాపు స్పీకరు జల్లెడకి ఆనించింది. అప్పుడు ఆ హోరు అడుగున, దుప్పటి కింద ఎవరో మాట్లాడుతున్నట్టు, ఒక గొంతు.

"…పిచ్చుకా… వినపడుతోందా… రెండ్రోజులు… ఏమైంది మీకు…"

ఆమె ఒక్క ఉదుటున మీట నొక్కి అరిచింది. "ఉన్నా! ఇక్కడే ఉన్నా! బాగున్నాం!" మీట వదిలింది.

ఆ గొంతుకి ఆమె మాట చేరలేదు. తన పాటికి తను చెప్పుకుపోతోంది. "…అమ్మకేమన్నా… నా వల్ల కాదు… తెల్లారగానే దిగి వస్తున్నా… చీకటి పడేదాకా… పెట్టే ఉంచుతా… తర్వాత బ్యాటరీ…"

మళ్లీ హోరు.

అత్తగారు వచ్చి రేడియో మీదికి వంగింది. "దిగుతానంటున్నాడా? దిగుతానన్నాడా వాడు?"

"బతికే ఉన్నాడత్తయ్యా," అంది కోడలు. ఒక క్షణం అదే పండగలా తోచింది. మరుక్షణం అర్థమైంది. అతనికి ఏమీ కాలేదు. మూగబోయింది తనే. తన మౌనం వల్లే అతను రేపు పొద్దున్న ఆ తెగిన బాట మీదికి రాబోతున్నాడు. చీకటి పడేలోగా తన గొంతు అక్కడికి చేరాలి. కిటికీలోంచి చూసింది. వెలుతురు అప్పుడే పలచబడుతోంది.

డబ్బా మళ్లీ తగిలించింది. గీత అలాగే అడుగున, నిశ్చింతగా పడుకుని ఉంది. అంతా బాగుంది, అంతా బాగుంది అంటోంది. మొదటిసారి ఆమెకి ఆ గీతని చూస్తే భయం వేసింది. నాడి చూసి నవ్వే డాక్టరు, మంచం మీద మనిషి లేకపోయినా అలాగే నవ్వుతాడా?

"అత్తయ్యా, మీరు మేడెక్కగలరా? ఆంటెన్నా గుంజ దగ్గర స్టూలుంది. కేబుల్‌ని ఆంటెన్నా నుంచి విప్పేయండి. విప్పి నాకు కేకెయ్యండి."

"ఉన్నది కూడా ఊడబీకమంటావేమే?"

"ఆంటెన్నా లేకపోతే పంపిందంతా వెనక్కి రావాలి. గీత పైకి లేవాలి. లేస్తే డబ్బా నిజం చెబుతున్నట్టు."

అత్తగారు చీర చెంగు బొడ్లో దోపుకుని మెట్లెక్కింది. కోడలు తెర మీంచి కళ్లు తిప్పలేదు. వాన చప్పుడు. స్టూలు ఈడ్చిన చప్పుడు. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. పైన ఆవిడ కాలు జారిందేమోనని సగం లేచింది.

"ఊడదీశానే!"

గీత కదల్లేదు.

"నిజంగా తీశారా?"

"చేతిలో పట్టుకున్నానమ్మా! కొసలోంచి నీళ్లు కారుతున్నాయి!"

గీత వెంట్రుకవాసి కూడా కదల్లేదు. పైన ఆంటెన్నా ఉన్నా లేకపోయినా డబ్బాకి ఒకటే. అంటే ఇది పంపినది అక్కడిదాకా వెళ్లడమే లేదు. నీళ్లు తాగిన కేబుల్ దారిలోనే అంతా మింగేస్తోంది. కొండ మీదిది పెద్ద రేడియో కాబట్టి అతని గొంతు కొసరైనా దిగింది, తన చిన్న రేడియోది పైకి చేరలేదు. వెనక్కి ఏమీ రాకపోతే ఆరోగ్యమనుకుంది తను. వెళ్లనిది వెనక్కెలా వస్తుంది? డబ్బా తెచ్చినప్పుడు అతను చూపించిన గీత లోయలా ఉండేది. ఒకవైపు దిగి, ఒక్కచోట అడుగు తాకి, మళ్లీ పైకెక్కేది. తను అడుగునే గుర్తుపెట్టుకుంది, గట్లని మరిచిపోయింది.

కేబుల్‌లోకి నీళ్లెలా వెళ్లాయో కూడా ఆమెకి తెలుసు. మేడ మీద గుంజ నుంచి కిటికీ దాకా లాగిన ఆ నల్లటి తీగ మీద అత్తగారు తడి దుప్పట్లు ఆరేసేది, క్లిప్పులు పెట్టి మరీ. కొత్తకోడలు గదా, వద్దని ఎలా అంటుంది? అనకపోగా తన చీరలూ దాని మీదే ఆరేసింది. ఆ బరువుకి పైతొడుగు చిట్లిపోయింది.

ఎవరిది తప్పని లెక్కలేసుకునే వేళ కాదది. రేడియోని తువ్వాల్లో చుట్టింది. బ్యాటరీని చంకనేసుకుని మెట్లెక్కితే సగంలో అత్తగారు ఎదురొచ్చి రెండో వైపు పట్టుకుంది.

"చూడమ్మాయ్, ఉరుము వినపడిందా, అన్నీ వదిలేసి దిగిపోవాలి. మొగుడూ లేదు గిగుడూ లేదు."

"అలాగే."

"అలాగే అని తలూపడం కాదు. ఒట్టు వెయ్యి."

"ఒట్టత్తయ్యా."

మేడ మీద గాలి మొహం మీద కొడుతోంది. కొండ లేదు, ఆ వైపు ఆకాశం కూడా లేదు. అత్తగారు గొడుగు రేడియో మీద పట్టి తను తడిసింది. కోడలు స్టూలెక్కి, ఆంటెన్నా మూతిని పమిట చెంగుతో తుడిచి, డబ్బాతో పాటు వచ్చిన జానెడు కేబుల్ బిగించింది. చేతులు కొంకర్లు పోయి మర రెండుసార్లు తప్పింది. రెండో కొస డాక్టరు డబ్బాకి తగిలించింది.

గీత పైన మొదలైంది. జారింది. ఒక్కచోట అడుగు తాకింది. మళ్లీ ఎక్కింది. లోయ!

"వచ్చింది!" అని ఆమె ఏడుస్తూ నవ్వింది.

"ఏడుపు తర్వాత, ముందు వాణ్ణి పిలువు. చీకటి పడిపోతోంది."

డబ్బా తీసి రేడియో కలిపింది. మైకు నోటికి తాకేంత దగ్గరగా పెట్టుకుని తన కొత్త కాల్‌సైన్ చెప్పింది. అతనిది చెప్పింది. మీట వదిలింది.

మళ్లీ హోరే. దాని అడుగున గొంతు లేదు. ఏమీ లేదు. ఆంటెన్నా బాగున్నాక వచ్చిన ఈ హోరు నిన్నటి హోరు కన్నా భయంకరంగా ఉంది. రేడియో కట్టేసి ఉంటాడు. బ్యాటరీ దాచుకోవడానికి కట్టేసి, బూట్లు గుమ్మం దగ్గర పెట్టుకుని, తెల్లారడం కోసం కూర్చుని ఉంటాడు.

మళ్లీ చెప్పింది. ఈసారి నాలుక తడబడి తన కాల్‌సైన్‌లో ఒక అక్షరం తప్పు పలికింది, మొదటి నుంచి మొదలుపెట్టింది.

"ఆ నంబర్లు చదవడం ఆపి కదలొద్దని చెప్పవే తల్లీ!" అంది అత్తగారు.

"కదలకు!" అంది కోడలు మైకులో. "వింటున్నా వినకపోయినా కదలకు. వంతెన లేదు. బాట లేదు. మేం బాగున్నాం, కేబుల్ పాడైంది, అంతే. నా మీద ఒట్టు, కదలకు."

మీట వదిలింది. వాన గొడుగు మీద చిటపటలాడింది. అత్తగారి చేయి వచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది.

"పిచ్చుకా?"

పక్కనే నిలబడి పిలిచినట్టుంది. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

"పిచ్చుకా, నువ్వేనా? రేడియో కట్టబోయి, చెయ్యి మీట మీద ఉండగా… మళ్లీ చెప్పు. వంతెన ఏమైంది?"

ఆమె చెప్పింది. బాట ఎక్కడ తెగిందో, డ్రైవరు ఏమన్నాడో, పొగమంచులో ఏమవుతుందో అంతా చెప్పింది.

"సంచీ సర్దేసుకున్నా," అన్నాడు అతను, చిన్నపిల్లాడిలా. "ఆ వెనక ఎవరు ఏడుస్తున్నారు? అమ్మా? అమ్మా, నువ్వు వానలో మేడెక్కావా?"

"ఎక్కాను, దిగుతాను కూడా. నువ్వు మాత్రం దిగకు!" అని అత్తగారు మైకు దాకా వంగి అరిచింది.

కొండ వైపు ఒక మెరుపు, చప్పుడు లేకుండా, మేఘం లోపలి నుంచి వెలిగింది. కోడలు ఉరుము వస్తుందేమోనని చెవులు రిక్కించింది. ఇంకా రాలేదు. వచ్చేలోగా చెప్పాల్సింది చెప్పాలి. మైకు గట్టిగా పట్టుకుంది.

"విను. నీ బ్యాటరీ ఇప్పుడు కట్టెయ్యి. రేపు తెల్లారగానే డ్రైవరుని వాగు దాకా వెళ్లి, బాట చూసి, నాకొచ్చి చెప్పమంటా. ఉరుములు లేకపోతే నేను ఇక్కడే, ఈ స్టూలు మీదే ఉండి నిన్ను పిలుస్తా. నేను దిగమంటే దిగు. నా గొంతు వినపడకపోతే, ఎన్నాళ్లు వినపడకపోయినా సరే, గడప దాటకు."